మైకమ్మ చెప్పని మాట

నేను పుట్టడమే అనుమానంతో పుట్టానంటుంది మా అమ్మ. పసితనంలో పాలిస్తే ముందు వాసన చూసి తర్వాత తాగేవాణ్ణట. అది నిజంగా జరిగిందో, నన్ను ఏడిపించడానికి ఆవిడ కల్పించిందో నాకు ఇప్పటికీ అనుమానమే. ఎవరైనా ఊరికే నవ్వితే జేబు తడుముకుంటాను. పొగిడితే వెనక్కి తిరిగి చూస్తాను. ఇలాంటివాడితో మా వదిన ఇన్నేళ్ళుగా ఒకే వ్యానులో ఊరంతా తిరుగుతోందంటే ఆవిడ ఓపిక ఎంతటిదో మీరే అనుకోండి.

మా వదినది మైకు పని. వ్యాను మీద రెండు స్పీకరు హారన్లు, లోపల ఒక మైకు, మైకు ముందు ఆవిడ, స్టీరింగు ముందు నేను. కొత్త దుకాణం తెరిచినా, కరెంటు తీసేస్తున్నా, పిల్లవాడు తప్పిపోయినా ఊరికి ఆవిడ గొంతులోనే తెలియాలి. ఊళ్ళో ఆవిడ పేరు ఎవరికీ అక్కర్లేదు, మైకమ్మ అంటారు. పిల్లలు ప్లాస్టిక్ చెంబు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడలా మాట్లాడి, ఎవరు బాగా చేశారో చెప్పమని ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు.

మొదట్లో ఆ పని మా అన్నయ్యది. ఆయన అరిస్తే హారన్లు కూడా అనవసరం. ఒకసారి జలుబుతో గొంతు పూడుకుపోతే ఆ పూటకు వదినను కూర్చోబెట్టాడు. ఆవిడది తీయని గొంతేమీ కాదు, కాస్త బొంగురు. గోడ మీంచి పక్కింటావిడ "ఏవండోయ్, వాన పడుతోంది, మీ బట్టలు తడుస్తున్నాయి" అని చెప్పినట్టు ఉంటుంది. ఆ పూట జనం చేతిలో పని ఆపి విన్నారు. జలుబు తగ్గాక అన్నయ్యను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఆయన కూడా బాధపడలేదు. పాడైన హారన్లు విప్పి బాగుచేసుకుంటూ, మెల్లగా ఇంట్లో మాట్లాడటం కూడా మానేశాడు. మా అమ్మ మాత్రం కోడలు కొడుకు గొంతు మింగేసిందని చాలాకాలం సణిగింది.

వదినకు ఒక పద్ధతి ఉంది. తను చూడందే చెప్పదు. చెప్పుల దుకాణం వాళ్ళు పిలిస్తే ముందు దుకాణానికి వెళ్ళి నాలుగు జతలు తొడిగి చూస్తుంది. వాళ్ళు రాసిచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టి, తన మాటల్లో తను చెబుతుంది. "చెప్పులు గట్టిగా ఉన్నాయి, రంగులు బాగున్నాయి, కానీ పిల్లల సైజులు ఇంకా రాలేదు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి ఏడిపించకండి" అని ఒకసారి నడిబజారులో చెప్పేసింది. దుకాణం యజమాని అగ్గి మీద గుగ్గిలమై వ్యానుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ సాయంత్రం దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. తర్వాత వారం ఆయనే వచ్చి, "అమ్మా, పిల్లల సైజులు వచ్చాయి, మళ్ళీ ఒకసారి చెబుతారా?" అని అడిగాడు. ఆయన అంత మర్యాదగా అడగడం వెనక ఏముందా అని నేను ఆ రోజంతా ఆలోచించాను. ఏమీ లేదు.

నీళ్ళ ఆఫీసు వాళ్ళకు మాత్రం రోజూ పని ఉండేది. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళొస్తాయో, ఎక్కడ గొట్టం పగిలిందో ప్రతిరోజూ చెప్పాలి. అందుకోసం సౌండు షాపు రీలు ఒక ఉపాయం కనిపెట్టాడు. పాతకాలంలో టేపు రీళ్ళు అమ్మేవాడు కాబట్టి అతనికా పేరు. గోడలకు పరుపులు కొట్టిన గదిలో వదినను కూర్చోబెట్టి, మాటలన్నీ విడివిడిగా చెప్పించాడు. రేపు, ఎల్లుండి, ఉదయం, సాయంత్రం, ప్రతి వీధి పేరు, నీళ్ళు వస్తాయి, నీళ్ళు రావు. ఏ రోజుకు కావలసిన ముక్కలు ఆ రోజు అతికించి కంప్యూటర్లోంచి తీసి ఇస్తే, నీళ్ళ ఆఫీసు వ్యాను వాటిని వినిపించుకుంటూ తిరిగేది. వదినకు రోజూ వెళ్ళే శ్రమ తప్పింది.

ఈ ముక్కల వ్యవహారం నాకు మొదటి రోజే నచ్చలేదు.

"వదినా, నీ మాటలు ముక్కలు చేసి ఒకడి చేతిలో పెడుతున్నావు. వాడు వాటిని ఎలా అతికిస్తాడో నీకేం తెలుసు?" అన్నాను.

"నీళ్ళు వస్తాయి, నీళ్ళు రావు. వీటితో ఏం కొంపలు ముంచుతాడు మరిదీ?" అని నవ్వేసింది.

అప్పటికి నా అనుమానానికి ఇంట్లో విలువ లేదు. రోజూ పది అనుమానాలు పడేవాడి మాట ఎవరు వింటారు!

గొట్టాలు మార్చిన తర్వాత మా వైపు వీధుల్లో కుళాయి నీళ్ళు పసుపుపచ్చగా రావడం మొదలైంది. బకెట్లో కాసేపు ఉంచితే అడుగున ఏదో పేరుకునేది. దగ్గరికి వెళితే రంగుల కార్ఖానా పక్కనుంచి నడిచినప్పుడు వచ్చే వాసనే. ఇంటికొకరు చొప్పున కడుపు పట్టుకుని కూర్చున్నారు. మా ఎదురింటావిడ కూతురికి వాంతులు పట్టుకుంటే, ఆవిడ కుళాయి నీళ్ళు మానేసి ఊరవతల బావి నుంచి బిందెలు మోసుకొచ్చింది. పిల్ల తేరుకుని మళ్ళీ గుమ్మంలో ఆడుకోవడం మొదలుపెట్టింది.

అలాంటి సమయంలో నీళ్ళ ఆఫీసు సూపర్‌వైజరు మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ మనుషుల్ని పంపేవాడు, ఈసారి తనే వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. మా అమ్మకు నమస్కారం పెట్టి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

"జనం అనవసరంగా కంగారు పడుతున్నారమ్మా. మేం చెబితే వినరు. మీ నోటితో ఒక్కసారి చెప్పండి చాలు" అని కాగితం ఇచ్చాడు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, భయమేమీ లేదు, అందరూ తాగవచ్చు. అంతే అందులో ఉంది.

వదిన చదివి, "పరీక్షకు పంపారా?" అంది.

"పంపామమ్మా. ఫలితం రావాలి. బాగానే వస్తుంది."

"వచ్చాక చెబుతాను. మీ ఇంట్లో ఈ నీళ్ళే తాగుతున్నారా?"

సూపర్‌వైజరు కాసేపు నీళ్ళు నమిలాడు. నమిలినవి కుళాయి నీళ్ళు మాత్రం కాదు. "మా వీధికి లైను వేరమ్మా" అన్నాడు.

"అయితే నేను చెప్పలేనండీ. ఏమీ అనుకోకండి."

"అబ్బే, అనుకోవడానికేముంది!" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నవ్వుతూ వెళ్ళిపోయాడు. కాదనిపించుకున్న మనిషి అలా నవ్వకూడదు. ఆ మాటే అంటే, "పోనీ, ఏడవమంటావా?" అంది మా అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం వదిన ఒక సంచీ పట్టుకుని ఒంటరిగా బయల్దేరింది. వ్యాను తీయనా అంటే వద్దంది. ఎక్కడికని అడిగితే, "పనుంది" అంది. ఎప్పుడూ ఎక్కడికెళ్ళినా గుమ్మం దాటకముందే చెప్పే మనిషి. సాయంత్రం నీరసంగా తిరిగొచ్చి మొహం కడుక్కుని, బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. సంచీలో ఏముందో చూడాలని నా చెయ్యి లాగింది కానీ, అమ్మ నా చేతివైపే చూస్తోంది.

ఆ మరుసటి ఉదయం వీధి మలుపులోంచి వదిన గొంతు వినిపించింది.

"మీ వీధిలో... నీళ్ళు... శుభ్రంగా ఉన్నాయి... భయమేమీ లేదు... అందరూ తాగవచ్చు."

నేను వ్యాను అద్దం తుడుస్తున్నాను. గుడ్డ చేతిలోంచి జారిపోయింది. నిన్న ఒంటరిగా వెళ్ళిన పని ఇదా అనుకున్నాను. అంతా అతికినట్టు సరిపోయింది. సూపర్‌వైజరు నవ్వు, వదిన సంచీ, అలసిపోయిన మొహం. ఊళ్ళో ఎవరి మీద అనుమానం వచ్చినా నాకు బాధ ఉండేది కాదు, ఒక్క ఈ మనిషి మీద తప్ప.

లోపలికి వెళితే వదిన పెరట్లో తడిబట్ట పట్టుకుని నిలబడిపోయి ఉంది. నీళ్ళ ఆఫీసు వ్యాను మా ఇల్లు దాటే వరకూ కదల్లేదు. తర్వాత నావైపు తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అది నేను ఊరందరి వైపూ చూసే చూపు.

"రీలు దగ్గరున్నవి వస్తాయి, రావు అన్న ముక్కలే. వ్యాను తాళం నీ దగ్గరే ఉంటుంది. మిగతా చాటింపులన్నీ రికార్డయి ఉన్న చిప్పూ నీ దగ్గరే ఉంటుంది" అంది మెల్లగా.

"నిన్న నువ్వెక్కడికెళ్ళావో నాకు చెప్పలేదు" అన్నాను నేను.

"పరీక్షలు చేసేచోటికి వెళ్ళాను. మన కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళాను. వాళ్ళ నీళ్ళతో పాటు నావీ చూడమని బతిమాలాను. లోపలికే రానివ్వలేదు. ఊరందరికీ చెప్పే నోటిని గుమ్మంలోనే నిలబెట్టారని నీతో చెప్పడానికి సిగ్గేసింది."

"ఇద్దరూ కలిసే చేసుంటారు" అంది అమ్మ వంటింట్లోంచి. అన్నయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, మళ్ళీ వెళ్ళిపోయాడు. ఇది ఎలా జరిగిందో తేలందే ఊరికి ఏమీ చెప్పనని వదిన మైకు ముట్టుకోలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరి కంచంలో వాళ్ళు చూసుకుంటూ తిన్నాం.

వీధిలో అప్పుడే చెవులు కొరుక్కోవడం మొదలైంది. మైకమ్మకు ఆఫీసులో ఉద్యోగం ఇస్తున్నారట అని ఒకరు, కాదు మరిదికట అని ఇంకొకరు. నాకెవరూ ఏ ఉద్యోగమూ ఇవ్వలేదు. ఇస్తామన్నా ఎందుకిస్తున్నారా అని ఆలోచించేవాణ్ణి.

రెండో రోజు సాయంత్రం ఎదురింటావిడ పిల్లను భుజాన వేసుకుని ఆటో కోసం వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. పిల్ల తల వేలాడిపోతోంది. వదిన అడ్డం వెళ్ళి, "ఏమైంది? బావి నీళ్ళే కదా పడుతున్నావు?" అంది.

ఎదురింటావిడ కళ్ళల్లో కోపం కూడా లేదు. "మీరు తాగమన్నారు కదా వదినగారూ. మీరే చెప్పారని బిందె పక్కన పెట్టి కుళాయి నీళ్ళు పట్టాను" అంది.

నేను వ్యాను తీశాను. ఆసుపత్రికి చేరేవరకూ ఎక్కడా ఆపలేదు. పిల్లను లోపలికి తీసుకెళ్ళి సెలైను పెట్టాక, వదిన వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. తిరుగుతూ ప్రతి చుట్టుకూ కిర్రుమని ఒక మూలుగు మూలుగుతోంది. ఆ మూలుగు నేనెక్కడో విన్నాను. నిన్నా, ఇవాళా, చాలాసార్లు విన్నాను.

"వదినా, కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టినప్పుడు ఇక్కడే కదా రికార్డు చేశాం? ఈ ఫ్యాను కిందే. మైకు నేనే పట్టుకున్నాను. ఆపరేషన్ అంటే భయమేమీ లేదు అన్నావు" అన్నాను.

వదిన తలెత్తి ఫ్యాను వైపు చూసింది.

"నీళ్ళ ఆఫీసు వ్యానులో భయమేమీ లేదు అన్నచోట వెనకాల ఈ కిర్రు వినిపిస్తోంది. మిగతా మాటల వెనక లేదు. అతికించాడు వదినా."

పుట్టి ఇన్నేళ్ళయ్యాక నా అనుమానం ఒకరికి పనికొచ్చింది. వదిన లేచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిన్నటి చూపు ఆవిడ కళ్ళల్లో లేదు. నా కళ్ళల్లో కూడా ఉండి ఉండదు. నేరుగా రీలు దగ్గరికి పోయాం.

రీలు మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. బుకాయించలేదు. "ఏం చెయ్యనక్కా, షాపు మూయిస్తానన్నాడు సూపర్‌వైజరు. మీ చిప్పు బాగుచెయ్యమని ఇచ్చినప్పుడు కాపీ చేసి ఉంచుకున్నవి వాడాను" అన్నాడు. తనకు తనే నచ్చజెప్పుకుంటున్నట్టు, "అయినా నేను అబద్ధం ఎక్కడ కలిపాను? నీళ్ళు అన్నది నువ్వే. శుభ్రంగా ఉన్నాయి అన్నది హోటలు చాటింపులో గదుల గురించి నువ్వే. తాగవచ్చు అన్నది టీ కొట్టు కోసం నువ్వే. ప్రతి మాటా నీదే కదక్కా" అన్నాడు.

"మాటలన్నీ నావే. చెప్పింది మాత్రం నేను కాదు" అంది వదిన.

తీసెయ్యమని అడిగితే, తన దగ్గరవి తీసేస్తాను కానీ ఆఫీసు వాళ్ళు కాపీ పట్టుకెళ్ళారన్నాడు. ఒక్క ఆ వాక్యం కాదు, ముక్కలన్నీ పట్టుకెళ్ళారట. ఇక వాళ్ళకు రీలు కూడా అక్కర్లేదు. వదిన పరుపు గోడకు చెయ్యి ఆన్చి కాసేపు నిలబడింది. ఆవిడ భయపడటం నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఆ గదిలోంచి తిన్నగా వ్యానెక్కి మైకు అందుకుంది. "తాగకండి. ఆ నీళ్ళు తాగకండి. నిన్నటి నుంచి మీరు వింటున్నది నేను చెప్పింది కాదు" అంటూ వీధి వీధీ తిరిగాం. గుమ్మాల్లోకి వచ్చి చూసినవాళ్ళే తప్ప, తల ఊపినవాళ్ళు లేరు. "నిన్న తాగమంది, ఇవాళ వద్దంటోంది. ఆఫీసు వాళ్ళతో ఎక్కడో చెడింది" అని ఒకాయన నాకు వినబడేలాగే అన్నాడు.

మార్కెట్ కూడలిలో నీళ్ళ ఆఫీసు వ్యాను మాకెదురొచ్చింది. ఆ డ్రైవరూ ఆపాడు, నేనూ ఆపాను. ఇటు హారన్లోంచి వదిన గొంతు తాగకండి అంటోంది. అటు హారన్లోంచి వదిన గొంతు అందరూ తాగవచ్చు అంటోంది. కూరగాయల బేరాలు ఆగిపోయాయి. జనం అటూ ఇటూ తలలు తిప్పుతూ నవ్వడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే అటువైపు గొంతే బాగుంది. నిదానంగా, నిబ్బరంగా, రోజూ వినేలాగే ఉంది. ఇటువైపు గొంతు తిరిగి తిరిగి జీరబోయి, కోపంతో వణుకుతోంది.

"అదే మన మైకమ్మ గొంతు. ఈ వ్యానులో ఎవరో అనుకరిస్తున్నారు" అంది సంచీ పట్టుకున్న ఒక పెద్దావిడ.

వదిన మైకు ఆపేసింది. ఓడిపోయిందనుకున్నాను. ఆవిడ వ్యాను దిగి, అరటిపళ్ళ బండి పక్కన నిలబడింది. మైకు లేకుండా ఆవిడ గొంతు అంత చిన్నదని అప్పటివరకూ నాకు తెలియదు. ముందున్నవాళ్ళు విని వెనకవాళ్ళకు చెప్పాల్సి వచ్చింది.

"అదీ నా గొంతే. కాదనను. నా మాటలు ముక్కలు చేసి అతికించారు. ఇవాళ నీళ్ళ గురించి అతికించారు. రేపు దేని గురించి అతికిస్తారో నాకూ తెలియదు. అందుకే చెబుతున్నాను. ఇక మీదట మైకులో నా గొంతు వినబడితే నమ్మకండి. ఏ వ్యానులోంచి వచ్చినా సరే, మా వ్యానులోంచి వచ్చినా సరే. నేను మీ గుమ్మంలోకి వచ్చి ఎదురుగా నిలబడి చెబితేనే వినండి. ఎదురింటి పిల్ల ఆసుపత్రిలో ఉంది. ఆ నీళ్ళు తాగకండి."

నేను స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాను. ఆవిడ ఏం చేసిందో అక్కడున్నవాళ్ళలో నాకే ముందు అర్థమైంది. రేపటి నుంచి ఏ దుకాణం వాడు మమ్మల్ని పిలుస్తాడు? నమ్మొద్దని తనే చెప్పిన గొంతును ఎవరు పెట్టుకుంటారు? నాకు ఏడుపొచ్చింది, గర్వంగా కూడా అనిపించింది. ఈ రెండోది నాకు అలవాటు లేదు.

పెద్దావిడ దగ్గరికొచ్చి వదిన మొహం పరకాయించి చూసింది. "ఎవరి పిల్ల?" అని అడిగింది. వదిన చెప్పింది. పెద్దావిడ తిరిగి వెళ్ళి ఆఫీసు వ్యాను డ్రైవరుతో, "ఆ కూతలు ఆపవయ్యా ముందు" అంది.

తర్వాత రోజుల్లో వదిన నడిచి తిరిగింది. ప్రతి గుమ్మం తట్టింది. కొందరు విన్నారు, కొందరు తలుపు తీయలేదు. వదిన సంచీలో సీసా పట్టుకెళ్ళిన చోటి నుంచే చివరికి ఫలితం వచ్చింది, రంగుల కార్ఖానా మురుగు మంచినీళ్ళ గొట్టంలో కలుస్తోందని తేలింది. ఆఫీసు వాళ్ళు గొట్టం తవ్వి మార్చారు. ఊరికి క్షమాపణ చెప్పడానికి సూపర్‌వైజరు మళ్ళీ మా ఇంటికే వచ్చాడు, మీ గొంతుతో అయితే బాగుంటుందమ్మా అంటూ. "మీ గొంతుతో మీరే చెప్పండి, అలవాటవుతుంది" అంది వదిన. చెప్పాడు. హారన్లో ఆయన గొంతు కప్ప అరిచినట్టుందని మా అమ్మ వారం రోజులు నవ్వింది. మా వ్యాను మాత్రం ఇప్పుడు కుర్చీలు, బల్లలు మోస్తోంది.

ఎదురింటి పిల్ల ఇంటికి వచ్చిన రోజు, వదిన కొత్త గొట్టం నీళ్ళు తను తాగి చూసి, ఆ తర్వాత వీధి దాటి వాళ్ళ గుమ్మంలో నిలబడింది. నేను మా అరుగు మీంచి చూస్తున్నాను.

"నీళ్ళు బాగుపడ్డాయి. నేను తాగాను. ఇక పట్టుకోవచ్చు" అంది.

ఎదురింటావిడ కుళాయి తిప్పి గ్లాసులో నీళ్ళు పట్టింది. వెలుతురుకు ఎత్తి చూసింది. వాసన చూసింది. తాగలేదు. గ్లాసు బోర్లించి, బావి నీళ్ళ బిందె చంకనెత్తుకుని, "ఏమీ అనుకోకండి వదినగారూ" అని లోపలికి వెళ్ళిపోయింది.

వదిన వీధి దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నా గొంతును నమ్మొద్దని ఊరందరికీ చెప్పింది నేనే కదా మరిదీ. ఆవిడ నమ్మకపోతే నాకు ఏడుపెందుకొస్తోంది?" అంది.

పొద్దు వాలే వరకూ ఇద్దరం ఎదురింటి తలుపు వైపు చూస్తూ అక్కడే కూర్చున్నాం.